ఆరియా, హాబీస్

"ఆ జాకీ జారిందంటే కిందున్నోడి గతేటవుద్దిరా నాయినా?"

ఇంకా బండికి జాకీ పెట్టనే లేదు. బండి కిందికి ఎవరూ దూరలేదు. టైర్ల కొట్టు షట్టరు సగం వరకే లేచి ఉంది. అయినా మణిమాల నోట్లోంచి ఆ మాట ఊడిపడింది. ఆవిడ తీరే అంత. గ్యాసు పొయ్యి వెలిగిస్తే మంటకంటే ముందు పేలుడు కనబడుతుంది. చేప కోసినా గొంతులో దిగబోయే ముల్లే కళ్ళముందు ఆడుతుంది.

"అమ్మా, శుభ్ శుభ్ బోలో యార్! పొద్దున్నే మొదలెట్టకు," అన్నాడు కొడుకు సతీష్‌కుమార్, ఫోన్లోంచి తల ఎత్తకుండానే.

పోయిన వారం ఈ తల్లీకొడుకుల్నీ, ఇంటి పెద్ద గురునాథరావునీ మనం ఉక్కు ప్లాంటు నుంచి ఆయన లీజుకు తీసుకున్న రుఆబాంధా క్వార్టరు వాకిట్లో, ఆ బండి పక్కనే వదిలేసి వచ్చాం. దల్లీ రాజ్‌హరా గనుల దగ్గర ఒక కాంట్రాక్టరు వాడి వదిలేసిన ఎస్‌యూవీ అది. రాళ్ళ దారుల్లో పొట్ట తగలకుండా అతను స్ప్రింగులు మార్పించి, బాడీని జానెడు పైకి లేపించి, కాలు పెట్టి ఎక్కే ఫుట్‌బోర్డును కోసి పారేశాడు. సతీష్ దాన్ని సెకండ్ హ్యాండులో కొన్నాడు. "నాన్నని ఆసుపత్రికి తిప్పడానికే" అని అందరికీ చెప్పాడు. తీరా చూస్తే, పక్షవాతంతో కుడి పక్కంతా పడిపోయిన గురునాథరావు పెళ్ళాం భుజం పట్టుకుని ఎంత తంటాలు పడినా ఆ బండిలో కాలు మోపలేకపోయాడు. జారి వాకిట్లోనే కూలబడ్డాడు. ఎదురింటివాళ్ళు వచ్చి లేపారు.

అప్పుడు సతీషే అన్నాడు, "అరిగిపోయిన ఈ పెద్ద టైర్లు తీసేసి కంపెనీ సైజువి వేయిస్తాను. బండి కిందికి దిగుతుంది. ఫుట్‌బోర్డు కూడా పెట్టిస్తాను" అని. మణిమాల ఆ మాటను కొంగున ముడి వేసుకుంది.

గురునాథరావు మాత్రం ఆనాడు కూడా పెదవి కదపలేదు. విశ్వకర్మ పూజ నాటి నుంచి ఆయన ఎవరితోనూ మాట్లాడటం లేదు. జబ్బు చేశాక ఆయన మాట ముద్దముద్దగా వచ్చేది. పూజనాటి భోజనాల దగ్గర ఆయన "ఇంకొంచెం పప్పు" అని అడిగితే, కొడుకు మూతి వంకర పెట్టి, ఆ మాటను అచ్చం అలాగే అని చూపించాడు. బంతిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నవ్వులు ఆగేసరికి ఆయన నోరు మూతపడింది. "మాట పోలేదమ్మా, ఆయనే మానేశారు," అన్నాడు డాక్టరు.

ఇక ఈ వారం సంగతికి వద్దాం.

పొద్దున్నే సతీష్ వంటింటి గుమ్మంలోకి వచ్చి, "నాన్నని కూడా తీసుకురా. టైర్లు ఆయనే ఎంచాలి," అనేసరికి మణిమాలకు చెవులను నమ్మబుద్ధి కాలేదు. చక్కెర చేతికి ఇస్తే చీమలెక్కడున్నాయో అని వెతికే మనిషి, ఆ పూట ఎందుకో వెతకలేదు. మొగుడికి ఇస్త్రీ చొక్కా తొడిగింది. గడ్డం గీయించింది. ఆటో పిలిపించి, కోడలు రజనీకుమారిని, "కడుపుతో ఉన్నదానివి, బరువులెత్తకు, తలుపు గడియ పెట్టుకో, కుక్కరు విజిలెయ్యకపోతే దగ్గిరికెళ్ళకు" అని గుమ్మంలోనే నాలుగు భయాలు అప్పజెప్పి బయలుదేరింది. సతీష్ బండి తోలుకుని ముందే వెళ్ళాడు.

పవర్‌హౌస్ దగ్గర జీఈ రోడ్డు పక్కన డేవిడ్‌రాజ్ టైర్ల కొట్టు. అతని తండ్రి ఆనాడు ప్లాంటు పని కోసం కాకినాడ నుంచి వచ్చి కూలీల బస్తీ క్యాంప్ వన్‌లో దిగాడు. కొడుకు ఇనుము వదిలి రబ్బరు పట్టుకున్నాడు. గురునాథరావుని ఆటోలోంచి దించడానికి తనే పరుగున వచ్చాడు.

"రండి బాబాయ్‌గారూ. అమ్మా, ఆ కుర్చీ ఇలా నీడకి లాగండి."

గురునాథరావుని బండికి ఎదురుగా కూర్చోబెట్టారు. డేవిడ్‌రాజ్ మూడు రకాల టైర్లు దొర్లించుకొచ్చి గోడకు ఆనించాడు.

"ఇదిగో తమ్ముడూ, ఇది కంపెనీ సైజు. రోడ్డు టైరు. చప్పుడుండదు, బ్రేకు బాగా పట్టుకుంటాది. ఇదేమో సగం రోడ్డుకి, సగం మట్టికి. ఇది బురద టైరు." మూడోదాని మీద అరచేత్తో చరిచాడు. దాని గడ్డలు ఒక్కొక్కటీ బెల్లం అచ్చంత ఉన్నాయి. "చూపుకి బాగుంటాది. తారు రోడ్డు మీద మాత్రం తేనెతుట్టె రేగినట్టే మోత. పైగా నీ బండి ముందే లేపి ఉంది. దీనితో ఇంకా లేస్తాది. మలుపులో తొందరపడ్డావంటే పక్కకి ఒరిగిపోద్ది. వాన రోడ్డు మీద ఆగమంటే ఓ పట్టాన ఆగదు."

'ఒరిగిపోద్ది' అన్న మాట దగ్గరే మణిమాల ఆగిపోయింది. ఆవిడ కళ్ళముందు బండి అప్పుడే పల్టీ కొట్టి, చక్రాలు పైకి పెట్టుకుని తిరుగుతూ ఉంది. పక్కన కొడుకు చెప్పు ఒకటి పడి ఉంది.

"చిన్నవే ఎయ్యి బాబూ. చిన్నవే. మా సత్తి కూడా అదే అన్నాడు. ఏరా, అన్నావు కదేటి?"

సతీష్ రిమ్ముల దగ్గరికి నడిచాడు. ఒక పక్క ఉక్కు రిమ్ములు, ఒక పక్క నల్లగా నిగనిగలాడే అల్లాయ్ రిమ్ములు. గురునాథరావు ఎడమచెయ్యి చాపి, అందిన ఉక్కు రిమ్మును కణుపుతో ఒకసారి కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు. ముప్పయ్యేళ్ళు ఇనుము మధ్య బతికిన మనిషి.

"వాహ్!" అన్నాడు సతీష్. "పాపా ఇంకా డ్యూటీలోనే ఉన్నారు. భయ్యా, అల్లాయ్. నల్లవి. టైర్లు బురదవి. అన్నిటికంటే పెద్ద సైజు."

మణిమాల కొడుకు వెనకాలే వెళ్ళింది. "అదేటిరా? ఆరోజు చిన్నవి అన్నావు కదా! ఇవేస్తే మీ నాన్న ఎలాగెక్కుతారు? వారం వారం ఎక్సర్‌సైజులకి తీసుకెళ్ళమన్నారు డాక్టరు. ఆటోలో కుదుపులకి నడుం పట్టేసి రెండ్రోజులు లెగలేకపోతన్నారు."

"అందుకే కదమ్మా ఆయన్ని రమ్మన్నది." సతీష్ నవ్వాడు. చిన్నప్పటి నుంచీ వాడి నవ్వు అందంగానే ఉంటుంది. "టైర్లు ఆయనే ఎంచాలి అన్నానా లేదా? ఎంచమను. నాన్నా, ఏవి వెయ్యమంటావు? ఛోటా యా బడా? నోటితో చెప్పు. నువ్వు 'చిన్నవి' అన్నావంటే చిన్నవే. కసమ్ సే. నాలుగో చక్రం బిగించేలోపు ఎప్పుడు చెప్పినా సరే, అన్నీ విప్పించేస్తా. నోరు తెరవకపోతే మాత్రం నా ఇష్టం."

కొట్టులో పంక్చరు వేయించుకోవడానికి వచ్చి బెంచీ మీద కూర్చున్న ఇద్దరు తలలు తిప్పారు. ఒకడు చాయ్ గ్లాసు కింద పెట్టాడు, సినిమా మొదలైనట్టు.

మణిమాలకు అప్పుడు కనబడ్డాయి చీమలు.

డేవిడ్‌రాజ్ ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. "పెద్దాయనతో ఏటి తమ్ముడూ ఇది..."

"భయ్యా, బండి ఎవరిది? నాది. చలావో."

జాకీ లేచింది. గాలి గన్ను గిర్రుమంది. పాత చక్రం ఊడి కింద పడింది.

గురునాథరావు ఎడమచెయ్యి ఒడిలోంచి మెల్లగా లేచింది. చూపుడువేలు నేలకేసి చూపిస్తూ గాలిలో చిన్న సున్నా చుట్టింది. మళ్ళీ చుట్టింది.

ఆ సైగ ఏమిటో ఆ ఇంట్లో కుక్కకు కూడా తెలుసు. గురునాథరావు ప్లాంటులో ఖలాసీ. క్రేన్ కింద నిలబడి, పైన క్యాబిన్‌లో ఉన్నవాడికి సైగ చేసే పని. ఆ హోరులో నోరు పనికిరాదు. వేలు నేలకేసి తిప్పితే దించమని, ఆకాశానికేసి తిప్పితే లేపమని. హోరు లేనిచోట అదే మాటను ఖలాసీలు కేకగా వేస్తారు. దించాలంటే 'ఆరియా', లేపాలంటే 'హాబీస్'. ఎక్కడి మాటలో ఎవరికీ తెలియదు. తాతల నాటి నుంచి ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి వచ్చాయి.

సతీష్ చిన్నప్పుడు వాళ్ళు పై అంతస్తు క్వార్టరులో ఉండేవారు. కూరల బండి వస్తే గురునాథరావు కింద నిలబడేవాడు. బాల్కనీ కమ్మీల మధ్య నుంచి ఈ సతీషే, గోచీ అంత నిక్కరు వేసుకుని, తాడు కట్టిన బుట్ట దించేవాడు. కింది నుంచి తండ్రి వేలు తిప్పుతూ "ఆరియా... ఆరియా..." అనేవాడు. వంకాయలు పడ్డాక "హాబీస్!" అని కేక వేస్తే, ఆ గుంటడు తాడు చుట్టుకుంటూ, పెద్ద క్రేన్ తనే నడుపుతున్నట్టు మూతి బిగించి లాగేవాడు. వాడికి 'అమ్మ' తరవాత వచ్చిన మాట 'ఆరియా'. కాలనీ అంతా చెప్పుకుని నవ్వుకునేవారు.

"చూడు, దించమంటన్నారు! ఆరియా అంటన్నారురా!" మణిమాల కొడుకు చెయ్యి పట్టుకుంది. "చిన్నవే ఎయ్యమంటన్నారు!"

సతీష్ తండ్రి వేలి కేసి చూశాడు. తీరిగ్గా, తల ఒక పక్కకు వాల్చి చూశాడు.

"ఏమిటది? ఈగల్ని తోలుతున్నాడా?"

బెంచీ మీద ఒకడు కిసుక్కుమన్నాడు.

"నీకు తెలీదేటిరా?"

"నాకేం తెలుస్తుంది? నేనేమన్నా ఖలాసీనా? నోటితో అన్నాను కదమ్మా. చేతి సైగలు ఇక్కడ చెల్లవు. భయ్యా, రెండోది."

వేలు ఇంకా గాలిలో తిరుగుతూనే ఉంది. ఎవరూ చూడని వేలు. కాసేపటికి మణిమాలే దాన్ని పట్టుకుని ఒడిలో పెట్టేసింది. ఆ పని చేసినందుకు ఆవిడ చెయ్యి ఆవిడకే మంటలా తగిలింది.

ఆవిడ కొడుకుని ఎదిరించి ఉండొచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఆవిడ భయాలన్నిటికీ అడుగున, కుండ అడుగున మాడులాగా, ఒకటే భయం ఉంది. ఇల్లు రెండుగా చీలిపోతుందేమోనని. "ఎక్కువ మాట్లాడితే రజనీని తీసుకుని వెళ్ళిపోతా" అని సతీష్ ఒకసారి అన్నాడు. ఆ ఒక్క మాటతో తల్లి నోటికి తాళం పడింది. పప్పు దగ్గర వాడు మూతి వంకర పెట్టిన రోజు కూడా ఆవిడ తల వంచుకుని, విస్తట్లో మెతుకులు లెక్కపెట్టినట్టు కూర్చుందే తప్ప, "తప్పురా" అనలేదు. మొగుడు మౌనంగా ఉన్నా ఇంట్లోనే ఉంటాడు. కొడుకు కదిలితే మళ్ళీ రాడు. ఆవిడ లెక్క అది.

రెండో చక్రం బిగిసింది. బండి ముందుభాగం మెడ ఎత్తిన ఎద్దులా లేచింది. మూడోది దొర్లుతూ వచ్చింది.

మణిమాల సిమెంటు నేల మీద, గ్రీజు మరకల్లోనే, మొగుడి కుర్చీ పక్కన కూలబడింది.

"ఏవండీ. ఒక్క మాట. 'చిన్నవి' అనండి. ముద్దగా వస్తే రానీండి. ఎవలు నవ్వితే నవ్వుకోనీండి. మాట కోసం కాళ్ళు పోగొట్టుకుంటారేటండీ? రేపు మీకేదైనా అయితే ఆ ఎత్తు మీదకి మిమ్మల్ని నానెలాగ ఎక్కిస్తాను? ఆటో దొరక్కపోతే? వానొస్తే? నోరు తెరవండి. మీకు దండం పెడతాను, మీ నోరు తెరిస్తే చాలు నాకు."

గురునాథరావు ఆవిడ కేసి చూశాడు. పెదవులు కదిలాయి. కుడి మూల నుంచి ఉమ్మి తీగలా సాగింది. మణిమాల కొంగుతో తుడిచింది.

"ఆఁ... ఆఁ... వస్తోంది, వస్తోంది!" సతీష్ ముందుకు వంగి, చప్పట్లు కొట్టాడు, పసిపిల్లాడి చేత అడుగులు వేయిస్తున్నట్టు. "చ్చి... చ్చిన్... బోలో పాపా, బోలో!" మూతి కూడా వంకర పెట్టాడు. పప్పు నాటి మూతే అది.

పెదవులు మూతపడ్డాయి.

"తమ్ముడూ, ఇక చాలు," అన్నాడు డేవిడ్‌రాజ్, మూడో చక్రం నట్లు బిగిస్తూనే. ఆపమన్నది నోరు, ఆగనిది చెయ్యి.

"ఏం చాలు భయ్యా? మీకు తెలీదు." సతీష్ మొహంలో నవ్వు పోయింది. పోయాక అక్కడ మిగిలింది చూసి మణిమాల మొగుడి కుర్చీ అంచు పట్టుకుంది. "నేను పదేళ్ళు గేటు బయట నిలబడ్డాను. కాంట్రాక్టు పనికి హెల్మెట్టు పట్టుకుని. ఇదే ప్లాంటు ముందర. సర్వీసులో ఉండగా తండ్రి మంచాన పడ్డ ఇళ్ళలో కొడుకులకి నౌకరీ వచ్చింది. మా వెనక లైన్లో ఒకడికి వచ్చింది, నా క్లాస్‌మేటుకి వచ్చింది. ఈయనకి? ఒక్కరోజు జ్వరం కూడా రాలేదు. దుక్కలా ఉండి, సర్వీసంతా పూర్తి చేసి, శాలువా కప్పించుకుని, ఇంటికొచ్చి ఏడాది తిరక్కుండా పడిపోయాడు."

"ఒరే వద్దురా..."

"పడిపోయేవాడు ముందే పడిపోతే నాకు నౌకరీ వచ్చేది కదమ్మా! రిటైరయ్యాక పక్షవాతం వస్తే ఎవడికి లాభం? చెప్పు నాన్నా! ఎవడికి లాభం?"

మణిమాల రెండు చెవులూ మూసుకుంది. ఈ మాట గోడ అవతల కొడుకు గదిలోంచి గుసగుసగా వినబడిన రాత్రులు ఉన్నాయి. గోడ ఇవతల ఆయన కళ్ళు మూసుకుని పడుకుని ఉంటే, నిద్రపోతున్నాడని తనకు తను చెప్పుకుంది. ఇప్పుడు ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి.

గన్ను ఆగింది. బెంచీ మీద ఉన్నవాళ్ళు చాయ్ గ్లాసుల కేసి చూసుకుంటున్నారు. రోడ్డు మీద లారీ ఒకటి వెళ్ళింది. దాని మోత దూరం అయిపోయాక, కంప్రెషర్ గొట్టంలోంచి గాలి సన్నగా కారుతున్న చప్పుడు ఒక్కటే మిగిలింది.

నాలుగో చక్రం బండికి తగిలించి ఉంది. నట్లు చేత్తో తిప్పి వదిలాడు డేవిడ్‌రాజ్. బిగించలేదు. బిగించమని సతీష్ కూడా అనలేదు. అన్న మాట బయటపడ్డాక అది ఎంత పెద్దదో వాడికీ అప్పుడే తెలిసినట్టుంది. అయినా వెనక్కి తీసుకునే రకం కాదు వాడు.

గురునాథరావు ఎడమచెయ్యి కుర్చీ చేతి మీద ఆనింది. మణిమాల ఆపేలోపే ఆయన లేచాడు. పూర్తిగా కాదు, సగం. చచ్చిన కాలు ఒక పక్క, బతికిన కాలు ఒక పక్క. అలాగే నిలబడి, ఎడమచెయ్యి పైకెత్తాడు. చూపుడువేలు ఈసారి నేలకేసి లేదు. కొట్టు రేకుల కేసి, ఆ పైన ఆకాశం కేసి ఉంది. అది గాలిలో సున్నా చుట్టింది.

"హాబీస్."

ముద్దగానే వచ్చింది. గులకరాళ్ళు నానేసిన నీళ్ళలోంచి వచ్చినట్టు వచ్చింది. కానీ క్రేన్ కింద నిలబడి ముప్పయ్యేళ్ళు వేసిన కేక అది. కొట్టు ఆ మూల నుంచి ఈ మూలకు తగిలింది.

ఖలాసీని కాను అన్నవాడి రెండు చేతులూ, వాడికి తెలియకుండానే, పొట్ట దగ్గరికి లేచాయి. వేళ్ళు ముడుచుకున్నాయి, బుట్ట తాడు పట్టుకున్నట్టు. మరుక్షణం తెలివి తెచ్చుకుని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

మణిమాల ఏడుస్తూ నవ్వింది. మాట్లాడారు! ఆయన మాట్లాడారు! సింహాద్రి అప్పన్నకి తలనీలాలు మొక్కేసుకుంది మనసులో. అంతలోనే అనుమానం పురుగులా తొలిచింది. ఆరియా కదా అనాలి? దించమనాలి కదా? చిన్నవి వెయ్యమనాలి కదా? మనిషి మతి కూడా తప్పిందేమో!

"ఆరియా అనండి," అంది ఆయన చొక్కా పట్టుకుని. "తప్పు చెప్పినారు. లేపమన్నారు మీరు. దించమనండి."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఏటి?" సతీష్ గొంతులో హిందీ ఎగిరిపోయింది. చిన్నప్పటి మాట వచ్చేసింది. "ఏటి నాన్నా? పెద్దవే ఎయ్యమంటన్నావా? నువ్వెక్కలేవు కదా. ఎందుకు లేపమంటన్నావు?"

గురునాథరావు మళ్ళీ నోరు మూసుకున్నాడు. డేవిడ్‌రాజ్ స్పానరు కింద పెట్టాడు. మణిమాల మొగుడి మొహం కేసి, కొడుకు మొహం కేసి మార్చి మార్చి చూస్తోంది. బండి ఒరగడం, జాకీ జారడం, ఆటో దొరక్కపోవడం, తను భయపడ్డవన్నీ వరసగా తలచుకుంది. ఆయన లేపమన్నది వీటిలో ఏదో ఒకదాని గురించే అయి ఉంటుందిలే అనుకుంది. ఒక్క మాట కోసం మొక్కిన మొక్కు, నోరు తెరిస్తే చాలన్న దండం, అన్నీ ఒక పెద్ద బరువులా క్రేన్ గొలుసుకు వేలాడుతూ తల మీదే ఆగినట్టు అనిపించింది.

"అడుగుతున్నాను కదా నాన్నా. చెప్పు."

ఒక్కొక్క మాటనూ నాలుకతో ఎత్తి, సరిచూసుకుని, ఎక్కడా జారకుండా దించినట్టు చెప్పాడు గురునాథరావు:

"ఎత్తుగా ఉంటేనే మంచిది. నీదీ, నీ పెళ్ళాందీ సామానంతా ఎక్కించినా పొట్ట నేలకి తగలదు, ఒక్క ట్రిప్పులో పోద్ది. సాయంత్రం ప్లాంటు హూటర్ మోగీలోపల ఎక్కించీసుకుని, నా క్వార్టరు ఖాళీ సెయ్యి."